పార్కు స్తంభాల గ్లోబులు మార్చేముందు: మెడ కొలత, పగిలిన ముక్క, లోపలి బల్బు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ శివారులో కాలనీ పార్కు, 22 స్తంభాలు, ఒక్కోటి తొమ్మిది అడుగులు, పైన పాలరంగు గుండ్రటి గ్లోబు. ఏడు పగిలాయి, నాలుగైదు పసుపు తిరిగాయి. ఆన్‌లైన్‌లో "12 ఇంచుల గ్లోబు" అని రెండు తెప్పిస్తే ఒకటి బేస్‌లో దిగలేదు, రెండోది దిగింది గానీ వదులుగా ఊగుతోంది. కోతుల బెడద ఉంది, సాయంత్రమైతే పిల్లల క్రికెట్ ఉంది. యాక్రిలిక్ కొనాలా, పాలికార్బనేటా, గాజా?

ఏ సరుకన్నది తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ రెండూ ఎందుకు కూర్చోలేదో చూడాలి. 12 ఇంచులు అనేది బంతి వ్యాసం. బేస్‌లో కూర్చునేది మాత్రం దాని మెడ. ఒకే 12 ఇంచుల బంతికి ఒక తయారీదారు ఒక మెడ పెడతాడు, పక్కవాడు ఇంకోటి పెడతాడు, ఇద్దరి డబ్బా మీదా 12 అనే రాసి ఉంటుంది. హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ సామాన్లు అమ్మే ట్రూప్ బజార్‌కి వెళ్లి "పన్నెండు ఇంచుల మిల్కీ ఇవ్వండి" అన్నా అంతే, అల్మరాలో ముందున్నది చేతికొస్తుంది. అందుకని కొలతలన్నీ మిల్లీమీటర్లలో రాసుకుని వెళ్లండి. ఇంచుల్లో చెప్పుకుంటే పావు ఇంచు అటూ ఇటూ పట్టించుకోం. పావు ఇంచంటే ఆరు మిల్లీమీటర్ల పైమాటే. గ్లోబు దిగకపోవడానికి ఆ తేడా చాలు.

బంతి వ్యాసం కొలవడానికి స్కేలు అడ్డంగా పట్టి కంటితో చూడకండి, తప్పు వస్తుంది. బాగున్న గ్లోబుకి బొడ్డు దగ్గర దర్జీ టేపు చుట్టి, వచ్చిన చుట్టుకొలతను 3.14తో భాగించండి. 63 సెంటీమీటర్లు వస్తే 20 సెం.మీ. గ్లోబు, అంటే 8 ఇంచులది. 78, 79 వస్తే 25. 94 నుంచి 96 మధ్య వస్తే 30, అదే మీ పన్నెండు ఇంచులది. 126 వస్తే 40. ఈ కొలతలో అయిదారు మిల్లీమీటర్ల తేడా వచ్చినా నష్టం లేదు, కింద నుంచి చూసేవాళ్లకి తెలియదు.

నష్టమంతా మెడ దగ్గరే. మీవి మూడు స్క్రూల బేస్‌లు అన్నారు కాబట్టి గ్లోబుకి అంచున్న మెడ ఉంటుంది: బంతి కింద పొట్టిగా ఒక మెడ, దాని చివర బయటికి పొడుచుకొచ్చిన అంచు. బేస్ గిన్నె పక్కల నుంచి వచ్చే స్క్రూ మొనలు ఆ అంచుకి పైన, మెడ వంపులో దూరి, గ్లోబు పైకి లేవకుండా ఆపుతాయి. ఇక్కడ కొలతలు నాలుగు: అంచు బయటి వ్యాసం, మెడ బయటి వ్యాసం, అంచు మందంతో కలిపి మెడ ఎత్తు, బేస్ గిన్నె లోపలి వ్యాసం. వ్యాసాలు కచ్చితంగా కొలిచే వెర్నియర్ ఉంటే మంచిది. లేకపోతే అంచును కాగితం మీద బోర్లించి పెన్సిల్‌తో గీసి, గీత మీద స్కేలు పెట్టి చూడండి. గుండ్రం కొద్దిగా వంకర పోయి ఉంటుంది కనుక రెండు దిక్కులా కొలిచి పెద్దది తీసుకోండి.

గ్లోబు పగిలినప్పుడు బంతి ముక్కలై రాలిపోతుంది గానీ మెడ ఉంగరం చాలాసార్లు స్క్రూల మధ్య బేస్‌లోనే ఇరుక్కుని ఉంటుంది. ఊడ్చేవాళ్లు దాన్ని చెత్తలో వేయకుండా చూడండి. దుకాణంలో బల్ల మీద పెట్టి "దీనికి సరిపోయేది" అనడానికి అంతకన్నా మంచి నమూనా లేదు.

గిన్నె లోపలి వ్యాసం, గ్లోబు అంచు బయటి వ్యాసం కంటే 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. అసలు సందు లేకుండా బిగుతుగా దిగే గ్లోబు కొన్నరోజు బాగానే ఉంటుంది, ఎండాకాలంలో చీలుతుంది. యాక్రిలిక్ ఒక మీటరు పొడవుకి ఒక్కో డిగ్రీ వేడికి 0.07 మి.మీ. వరకు సాగుతుంది, అల్యూమినియం 0.023 మాత్రమే. 150 మి.మీ. మెడ చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గర నుంచి మే నెల ఎండలో 60 దాకా వేడెక్కితే, ప్లాస్టిక్ దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. చుట్టూ ఉన్న లోహం సాగేది అందులో మూడో వంతు. చూడ్డానికి చిన్న తేడాయే. కానీ అది మెడ చుట్టూ సమంగా పడకుండా మూడు స్క్రూ మొనల దగ్గరే పడుతుంది, గీత అక్కడే మొదలవుతుంది. మీ రెండో గ్లోబులా సందు 7, 8 మిల్లీమీటర్లు అయితే ఇంకో చిక్కు. గ్లోబు ఒక పక్కకి జరిగితే ఎదురు పక్క స్క్రూ అంచును వదిలేస్తుంది. గాలికి ఊగి ఊగి ఒకరోజు మొత్తంగా లేచొస్తుంది. పొడవాటి స్క్రూలు వేస్తే సరిపోతుందని ఎలక్ట్రీషియన్ చెప్తాడు. చెట్ల చాటున గాలి తగలని చోట కొన్నాళ్లు నిలుస్తుంది, బయటి స్తంభాల మీద నిలవదు.

అసలు మెడే లేకుండా బంతికి రంధ్రం మాత్రమే కోసిన గ్లోబులు, మరలున్న మెడవి, తిప్పితే లాక్ అయ్యేవి కూడా మార్కెట్లో ఉన్నాయి. మీ బేస్‌కి అవేవీ పనికిరావు. ఆన్‌లైన్ ఫోటోలో గ్లోబు కింది భాగం చూపించకపోతే ఆర్డర్ పెట్టకండి.

ఇప్పుడు పగిలినవి ఎందుకు పగిలాయో చూద్దాం. కారణం తెలియకుండా కొత్తవి కొంటే రెండేళ్లలో మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు. ముక్కలు పారేయకపోతే అవే చెప్తాయి.

గీతలు మెడ దగ్గర స్క్రూ చోటు నుంచి పైకి పాకి ఉంటే, బిగించినవాడి చెయ్యి ఎక్కువైంది. ఒకచోట చుక్కలా పడి అక్కడి నుంచి చుక్కల ముగ్గులా నాలుగు దిక్కులకీ చీలితే ఏదో తగిలింది: బంతి, రాయి, కొబ్బరిమట్ట. వెలుతురుకి అడ్డం పట్టి చూస్తే ఒంటినిండా వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు కనిపిస్తే అది రసాయనం పని. పార్కుల్లో మామూలుగా దీనికి మూలం పెయింటింగ్. స్తంభాలకి రంగు వేసేటప్పుడు గ్లోబు మీద నాలుగు చుక్కలు పడతాయి, పెయింటర్ గుడ్డకి థిన్నర్ అద్ది తుడిచేస్తాడు. ఆ పూటకి అద్దంలా ఉంటుంది. బిగుసుకుని ఉన్న చోట్ల కొన్ని రోజుల్లోనే యాక్రిలిక్ సన్నగా చిట్లడం మొదలవుతుంది. తర్వాత ఏ గాలివానకో ఊడిపోతే నింద గాలివాన మీదకి పోతుంది. థిన్నర్, పెట్రోలు, అసిటోన్, అమ్మోనియా కలిసిన అద్దాల క్లీనర్ ఏవీ యాక్రిలిక్‌కీ పాలికార్బనేట్‌కీ పడవు. ఈసారి స్తంభాలకి రంగు వేసే ముందు గ్లోబులు దించండి, లేదా పాలిథీన్ సంచి తొడిగి మెడ దగ్గర దారం కట్టండి.

పసుపు తిరిగినవాటిలో పసుపు ఎక్కడుందో గమనించండి. ఆకాశం వైపున్న పై సగం అంతా సమంగా పసుపైతే అది ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాల పని, అంటే సరుకులో యూవీ రక్షణ చాలలేదు. బల్బుకి నేరుగా పైన, అరచేయంత మేర మాత్రమే పసుపో గోధుమరంగో ఉండి అక్కడ గ్లోబు కొద్దిగా చదునుగా జారి ఉంటే అది వేడి. పాత రోజుల్లో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు వేసిన గ్లోబులకి ఈ మచ్చ తప్పేది కాదు. మెత్తటి నురుగు స్పాంజి, సబ్బునీళ్లతో రుద్దితే పోయేది మాత్రం ఉత్త దుమ్ము, దానికి కొత్త గ్లోబు ఖర్చు అక్కర్లేదు. స్ప్రింక్లర్ నీళ్ల తెల్ల మరకలైతే వెనిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి తుడిచి, మంచినీళ్లతో కడిగేయండి.

మీ పాతవి ఏ సరుకో తెలుసుకోవడం కూడా తేలిక. గోరంత ముక్క తీసుకుని నీళ్లలో వేయండి. తేలితే పాలిథిలీన్. మునిగితే యాక్రిలిక్ కావచ్చు, పాలికార్బనేట్ కావచ్చు. ఆ ముక్కను రెండు పట్టకార్లతో వంచండి: యాక్రిలిక్ టప్‌మని విరుగుతుంది, పాలికార్బనేట్ వంగి, తెల్లబారి, మొండికేస్తుంది. ఏళ్లతరబడి ఎండలో మగ్గిన పాలికార్బనేట్ కూడా విరుగుతుంది కాబట్టి ఇంకా అనుమానం ఉంటే బయట, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని, పట్టకారుతో పట్టి లైటర్ మంట చూపించండి. యాక్రిలిక్ చిటపటలాడుతూ దీపంలా నిలకడగా మండుతుంది, మంట తీసినా ఆరదు, పళ్ల వాసనలాంటి తియ్యటి ఘాటు వస్తుంది. పాలికార్బనేట్ నల్లటి పొగ చిమ్ముతూ బొగ్గవుతుంది, మంట తీయగానే చాలావరకు తానే ఆరిపోతుంది. పాలిథిలీన్‌కి కొవ్వొత్తి ఆర్పిన వాసన వస్తుంది, మండుతూ చుక్కలు కారుతుంది. ఆ పొగ పీల్చకండి, ఇంట్లో చేయకండి.

ఇక ఏది కొనాలి. యాక్రిలిక్‌కి ఉన్న గుణం ఎండను ఓర్చుకోవడం. మంచి సరుకు ఏళ్ల తరబడి తెల్లగా ఉంటుంది, గీతలు త్వరగా పడవు, వెలుతురు బాగా వదులుతుంది. దాని లోపం పెళుసుతనం. పాలికార్బనేట్ దెబ్బలకి రాయి. కానీ యూవీ పూత గానీ మిశ్రమం గానీ లేని సరుకైతే మన ఎండకి తొందరగా పసుపెక్కుతుంది, పసుపెక్కాక పెళుసవుతుంది కూడా. అంటే చవక పాలికార్బనేట్ కొన్నవాళ్లకి చివరికి రెండు లోపాలూ దక్కుతాయి. పాలిథిలీన్ గ్లోబు పగలదు, చవక, కానీ మైనంలా మసకగా ఉంటుంది, వెలుతురు ఎక్కువ మింగేస్తుంది, కొన్నేళ్లకి పైన సుద్దపొడిలా రాలుతుంది. గాజు పసుపెక్కదు, కరగదు, అందంలో దానికి సాటి లేదు. పోర్టికో కింద వేసుకోవచ్చు. పిల్లలు తిరిగే దారి మీద తొమ్మిది అడుగుల ఎత్తులో గాజు వద్దు.

క్రికెట్ లెక్క ఒకటి చూడండి. దెబ్బను తట్టుకునే శక్తికి ఐకే అని అంకెలుంటాయి: ఐకే 06 అంటే 1 జౌల్, ఐకే 08 అంటే 5, ఐకే 10 అంటే 20 జౌల్స్. 58 గ్రాముల టెన్నిస్ బంతి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తే దానిలో శక్తి దాదాపు 12 జౌల్స్. బంతి మెత్తగా నొక్కుకుంటుంది కాబట్టి దెబ్బ కొంత తగ్గుతుంది. ఐకే 10 పాలికార్బనేట్ దాన్ని నవ్వుతూ భరిస్తుంది. అదే వేగంతో 160 గ్రాముల తోలు బంతి వస్తే 32 జౌల్స్. దానికి ఏ గ్లోబూ హామీ ఇవ్వదు. అక్కడ అసోసియేషన్ బోర్డు పెట్టుకోవాలి గానీ గ్లోబు మార్చి లాభం లేదు.

కోతులది వేరే లెక్క. అవి కొట్టవు, పట్టుకుని వేలాడతాయి, గ్లోబు మీద కూర్చుని ఊపుతాయి. అయిదారు కిలోల బరువు ఒక పక్క పడితే పాలికార్బనేట్ పగలదు, కానీ అంచు స్క్రూల నుంచి జారి గ్లోబు మొత్తం కింద పడుతుంది. కాబట్టి కోతులున్న చోట సరుకు ఒక్కటే చాలదు, స్క్రూ మొన మెడ వంపులోకి కనీసం 5 మి.మీ. దూరేలా ఉండాలి, మూడు స్క్రూలూ ఉండాలి. చాలా పార్కుల్లో మూడో స్క్రూ ఎప్పుడో తుప్పుపట్టి పోయి ఉంటుంది. మీ 22 బేస్‌లూ ఎక్కి చూస్తే ఎన్నింటికి మూడూ ఉన్నాయో తేలుతుంది.

నా సలహా ఇదీ: ఆట స్థలం వైపు, చెట్ల కొమ్మలు ఆనుకున్న వైపు ఉన్న స్తంభాలన్నిటికీ యూవీ రక్షణున్న పాలికార్బనేట్. దూరంగా నడక దారి వెంట ఉన్నవాటికి యాక్రిలిక్. ఒకే వరుసలో రెండూ కలపకండి. పగలు రెండూ తెల్లగానే ఉంటాయి, రాత్రి వెలిగిస్తే ఒకటి పాలలా, ఒకటి నీలి ఛాయలో కనిపించి వరుస అంతా అతుకులబొంతలా ఉంటుంది. పాతవాటిలో బాగున్నవన్నీ దించి ఒక వరుసకి సర్దేసి, కొత్తవన్నీ ఇంకో వరుసకి వేస్తే ఆ తేడా కళ్లకి తగలదు.

మందం గురించి అమ్మేవాళ్లు "త్రీ ఎంఎం సార్" అనేస్తారు. వంటింటి తూకం మీద పెట్టండి. 30 సెం.మీ. బంతి యాక్రిలిక్‌లో గానీ పాలికార్బనేట్‌లో గానీ 3 మి.మీ. మందం ఉంటే దాదాపు కిలో తూగాలి, 2 మి.మీ. అయితే 670 గ్రాముల దగ్గర. మెడ రంధ్రానికి కొంచెం తీసేసుకోండి. 550 గ్రాములు తూగేది త్రీ ఎంఎం ఎలా అవుతుంది? రెండో పరీక్ష: చీకట్లో ఫోన్ టార్చి లోపల పెట్టి తిప్పండి. ఊది చేసే గ్లోబులు మెడ దగ్గర మందంగా, బొడ్డు దగ్గర పలచగా వస్తాయి. కొద్దిగా తేడా మామూలే, కానీ ఒక పక్క మచ్చలా మెరిసిపోతుంటే అక్కడ కాగితంలా ఉందని అర్థం. అలాంటిది తిరిగిచ్చేయండి.

40 సెం.మీ. గ్లోబులు పెడితే ఇంకా బాగుంటాయని ఎవరైనా అంటారు, మీ పోస్టులో కూడా ఆ మాట ఉంది. 30 బదులు 40 వేస్తే గాలి పట్టే వైశాల్యం దాదాపు 1.8 రెట్లు అవుతుంది. బేస్ మాత్రం పాతదే. భవనాల గాలి భారానికి వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాద్‌కి సెకనుకి 44 మీటర్లు, విజయవాడ, విశాఖలకి 50 మీటర్ల గాలి వేగం పెట్టింది, అంటే గంటకు 158, 180 కిలోమీటర్లు. మీ చోట వేసవి గాలివానలే ఎక్కువ. అయినా పాత చిన్న బేస్ మీద పెద్ద బంతి పెట్టడానికి నేను ఒప్పుకోను. 30కే ఉండండి.

అసలు మీకు గ్లోబు కంటే బల్బు దగ్గర ఎక్కువ మేలు జరగొచ్చు. "కొత్త గ్లోబు వేసిన స్తంభం కింద కూడా చీకటిగానే ఉంది" అన్నారు. మామూలు ఎల్ఈడీ బల్బును చేతిలో పట్టుకుని చూడండి. కింది సగం తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, లోపల డ్రైవర్, అంటే కరెంటును ఎల్ఈడీకి తగ్గట్టు మార్చే సర్క్యూట్ ఉంటుంది, అక్కడి నుంచి వెలుతురు రాదు. పై బుర్ర మాత్రమే వెలుగుతుంది. ఇంట్లో సీలింగ్‌కి తలకిందులుగా వేలాడదీస్తే ఆ బుర్ర నేల వైపు ఉంటుంది. స్తంభం మీద బల్బు నిటారుగా నిలబడుతుంది, బుర్ర ఆకాశం వైపు. గ్లోబు పై సగం తెల్లగా మెరుస్తుంది, కింది సగం బూడిదరంగులో ఉంటుంది, నడిచేవాడి కాళ్ల దగ్గర చీకటి. పాత ఫిలమెంట్ బల్బు అన్ని వైపులా వెలిగేది కనుక అప్పట్లో ఈ తేడా లేదు.

దీనికి విరుగుడు, ఎల్ఈడీ ఫిలమెంట్ బల్బు లేదా చుట్టూ చిప్పులున్న కార్న్ బల్బు. రెండూ పక్కలకీ కిందకీ వెలుతురిస్తాయి. హోల్డర్ ఎత్తు కూడా చూడండి: వెలిగే భాగం బంతి నడిమధ్యకి రావాలి. మరీ కిందుంటే మెడ చుట్టూ వలయంలా మెరిసి బేస్ నీడ దారి మీద పడుతుంది. మరీ పైకుంటే నెత్తిన మచ్చ. హోల్డర్ కింద పైపు ముక్క మార్చి దీన్ని సరిచేయొచ్చు. హోల్డర్ బీ22, అంటే పిన్నులదా, ఈ27, అంటే మరలదా అన్నది కూడా అప్పుడే రాసుకోండి. బయట బల్బులకి మరల హోల్డరే నయం, గాలి అదురుకి పిన్నుల కాంటాక్టు వదులవుతుంది.

వాట్లు పెంచడం మీద ఒక హెచ్చరిక. గ్లోబు మూసి ఉన్న డబ్బా, లోపలి వేడి ఎటూ పోదు. ఎల్ఈడీ వేడికి గ్లోబు కరగదు గానీ బల్బు డ్రైవర్ త్వరగా చస్తుంది. 30 సెం.మీ. గ్లోబులో 9 నుంచి 12 వాట్లు చాలు, డబ్బా మీద మూసిన ఫిట్టింగులకి పనికొస్తుందని రాసి ఉన్న బల్బు తీసుకోండి. ఒకే బల్బును 20 సెం.మీ. గ్లోబులో వేస్తే 30 దానిలో కంటే ఉపరితలం రెండుంపావు రెట్లు మెరుస్తుంది, కళ్లలో గుచ్చుకుంటుంది. గేటు స్తంభాల మీద చిన్న గ్లోబులున్నవాళ్లు 5, 7 వాట్లు దాటకపోవడం అందుకే మంచిది. రంగు 2700 నుంచి 3000 కెల్విన్, వార్మ్ వైట్. తెల్లటి 6500 వేస్తే తొలకరి జల్లు పడ్డ రాత్రి ఉసిళ్లన్నీ మీ పార్కులోనే ఉంటాయి. వార్మ్‌కి పురుగులు రావని కాదు, తక్కువ వస్తాయి.

పాత స్తంభాల్లో ఒకప్పుడు సోడియం దీపాలుండి ఉంటే, కింద తలుపు తీసి, ఆ దీపాలను వెలిగించడానికి పెట్టిన చోక్, ఇగ్నైటర్ ఇంకా లైన్లో ఉన్నాయేమో చూడండి. ఇగ్నైటర్ కొట్టే వేల వోల్టుల పల్స్‌కి ఎల్ఈడీ బల్బులు నెలకొకటి చొప్పున పోతాయి, నింద బల్బు కంపెనీకి పోతుంది. రెండింటినీ తప్పించి 230 వోల్టులు నేరుగా హోల్డర్‌కి ఇవ్వాలి.

పురుగులు, నీళ్లు లోపలికి వెళ్లేది మెడ కింద నుంచే. బేస్ గిన్నెలో రబ్బర్ గాస్కెట్ ఎండి పెంకులా అయిపోయి ఉంటే కొత్తది వేయండి. ఈపీడీఎం లేదా సిలికాన్ రబ్బర్ 3 మి.మీ. షీటు కొని కోయించుకోవచ్చు. సైకిల్ ట్యూబు కోసి పెట్టడం చూస్తుంటాం, రెండు ఎండాకాలాలకి పగుళ్లిచ్చేస్తుంది. సిలికాన్ గన్‌తో మెడ చుట్టూ పూర్తిగా మూసేయడం అంతకన్నా పెద్ద తప్పు. రాత్రి చల్లబడినప్పుడు లోపల చెమ్మ పడుతుంది, అది బయటికి పోయే దారి ఉండదు, తర్వాత బల్బు మార్చాలంటే గ్లోబు పగలగొట్టాల్సిందే. బేస్ అడుగున 4, 5 మి.మీ. రంధ్రం ఉంటుంది, నీళ్లు కారిపోవడానికి. చాలాసార్లు అది పెయింటుతోనో చచ్చిన పురుగులతోనో పూడుకుపోయి ఉంటుంది. తీగతో పొడిచి తెరవండి.

బిగించే రోజున ముందు మెయిన్ ఎంసీబీ దించండి. టైమర్ స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదు, కొన్ని వైరింగుల్లో స్విచ్ న్యూట్రల్‌లో పడి ఉంటుంది, ఫేజ్ హోల్డర్ దాకా అలాగే ఉంటుంది. హోల్డర్ దగ్గర టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి. తర్వాత కరెంటు ఇచ్చి స్తంభం ఒంటికి కూడా టెస్టర్ పెట్టండి. అది వెలిగితే గ్లోబుల పని ఆపి, ముందు ఎర్తింగ్ చూడాలి. పార్కు లైన్‌కి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైన్ కట్ చేసే స్విచ్, లేకపోతే పెట్టించండి. వానలో పిల్లలు పట్టుకునే స్తంభాలవి.

స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి, 304 గ్రేడు చాలు. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకి 316. మరలకి కొద్దిగా గ్రీజు రాయండి, అల్యూమినియంలో స్టెయిన్‌లెస్ పట్టేసుకుంటే తర్వాత రాదు. మూడింటినీ వేళ్లతో కొద్దికొద్దిగా, ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ గ్లోబు నడిమధ్యకి వచ్చేలా చూడండి. మొన మెడకి తగిలిందని తెలియగానే ఆపి, అర చుట్టు వెనక్కి తిప్పండి. స్క్రూల పని పైకి లేవకుండా ఆపడమే, మెడను పిసకడం కాదు. ఇప్పుడు గ్లోబును చేత్తో కదిపితే ఒక పిసరు తిరగాలి, పైకి మాత్రం రాకూడదు. ఎలక్ట్రీషియన్ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీస్తే వద్దనండి. వేళ్లకి పట్టు దొరికే తల ఉన్న స్క్రూలు వేస్తే ఆ గొడవే ఉండదు.

కొనేటప్పుడు ఒకటి తెచ్చి ఒక స్తంభం మీద కూర్చోబెట్టి, రెండు రాత్రులు వెలిగించి, అప్పుడు మిగతావి ఒకే లాటులో తీసుకోండి. లాటు మారితే పాలరంగూ మారుతుంది, మెడ ఒకటి రెండు మిల్లీమీటర్లు కూడా మారొచ్చు. మీకు పన్నెండు కావాలి, పధ్నాలుగు కొనండి. ఆ రెండూ అట్టపెట్టెలోనే, ఎండ తగలని చోట ఉంచండి. పాలికార్బనేట్‌కైతే పసుపెక్కకుండా ఎన్నేళ్లు హామీయో బిల్లు మీద రాయించుకోండి. నోటిమాట "యూవీ ఉంది సార్" లెక్కలోకి రాదు.

ఇక ఆ రెండు పొరపాటు గ్లోబులు. వదులుగా ఉన్నది తిరిగిచ్చేయండి. దిగని దాని అంచును ఆకురాయితో అరిగించమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, యాక్రిలిక్‌కి అరిగిన అంచే పగులుకి మొదలు. అది పాలికార్బనేట్ అయి, తేడా ఒక మిల్లీమీటరు లోపు ఉంటే నున్నగా అరిగించి చూడొచ్చు. అమ్మినవాళ్లు దాన్ని వెనక్కి తీసుకోబోమని అంటే, గ్లోబుతో పాటు బేస్ కూడా అమ్ముతారేమో అడగండి. మీ బేస్‌లలో మరలు తినేసినవి, గిన్నె చీలినవి ఉంటే వాటికి ఎలాగూ సెట్టు మొత్తం మార్చాలి. అప్పుడు చూడాల్సింది స్తంభం పైపు బయటి వ్యాసం. రెండించుల పైపుకి అది 60 మి.మీ., రెండున్నరించుల దానికి 76 మి.మీ. ఉంటుంది. పెయింటు పొరలు గీకి కొలవండి, నాలుగైదుసార్లు రంగు వేసిన పైపు కొంత లావెక్కి ఉంటుంది.